వీణానిర్మాణము – జీర్ణోద్ధరణము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలకు సంగీతముతో గల సంబంధము స్వల్పమైనది కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసియున్నపుడు, ఆ కళాశాలాధ్యక్షుడగు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ ‘జనగణమన’ గీతమునకు స్వరలిపి కూర్చినది. నేడు దేశమంతయు నిలుచుండి పాడు వరుస అచ్చటనే కాగితమున కెక్కినదని చెప్పుదురు. సంగీత కళానిధి బిరుదాంకితులైన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్ళ గారు 1898లో పుంగనూరున జన్మించిరి. ఇక మన కొండలలో పెరుగు ఎఱ్ఱచందనము జపాను దేశమునకు పోయి, షామిసెన్ అను మూడు తీగల వాద్యమునకు దండముగా నమరి, అచ్చటి విద్వాంసులచే సర్వశ్రేష్ఠమైన కఱ్ఱగా నెన్నబడుచున్నది. ఒక వరుసను, ఒక కంఠమును, ఒక దారువును సంగీతలోకమునకు సమర్పించిన ఈ సీమయందు, మా సదుమువంటి ఊళ్లలో వీణమెట్టొకటి జారినచో దానిని తిరిగి నిలుపగల చేయి దొరకుట దుర్లభమై యుండుట ఎంతయు విచారింపదగిన విషయము. పాడువారిని గౌరవించుట మనము నేర్చితిమి; పాటకు ఆధారమైన వాద్యమును చేయువారిని, బాగుచేయువారిని గౌరవించుట ఇంకను నేర్వవలసియున్నది.

తెలుగుదేశమున వీణానిర్మాణమునకు నేటికిని నెలవులుగా నిలిచినవి బొబ్బిలి, నూజివీడు. బొబ్బిలి యనగానే మనకు 1757 జనవరి నాటి యుద్ధమును, తాండ్ర పాపారాయని శౌర్యమును స్ఫురించును గాని, ఆ సంస్థానాధీశుల ప్రాపున వర్ధిల్లిన వీణాశిల్పము ఆ యుద్ధగాథకంటె తక్కువ కీర్తికి తగినది కాదు. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా ఈ పనిని కులవిద్యగా కాపాడుకొనుచు వచ్చిరి. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. రాష్ట్రమున ఈశాన్యపు మూలనున్న ఆ యూరికిని, నైఋతి మూలనున్న మన సీమకును దూరము చాలగలదు. కాని వీణ తెలుగువారి యందఱి సొత్తు.

ఈ మాట అభిమానవశమున చెప్పినది కాదు. 1550లో రామామాత్యుడు విజయనగరపు అళియ రామరాయల యాశ్రయమున ‘స్వరమేళకళానిధి’ని రచించి, ఏ తీగకు ఏ శ్రుతి, ఏ మెట్టునకు ఏ స్వరము అను వ్యవస్థను వీణపైననే నిరూపించి చూపెను. పిదప తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథనాయకుని కాలమున, వీణకు ఇరువదినాలుగు మెట్లు స్థిరముగా నమరి, రాగము మారినపుడెల్ల మెట్లను జరుపవలసిన అవసరము తీరిపోయినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. నేడు మనమెఱిగిన సరస్వతీవీణ రూపము నాటిదే. నాలుగు వాయించు తీగలు – సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. ప్రక్కన మూడు తాళపు తీగలు. రెండు స్థాయిల స్వరములన్నియు పలుకు ఇరువదినాలుగు మెట్లు. ఇంతకు మించిన ఆడంబరమేదియు ఆ వాద్యమునకు లేదు.

వీణకు పనసకఱ్ఱయే ప్రశస్తము. అది తేలికగా నుండియు దృఢమైనది, చెదలకు సులభముగా లొంగనిది, ఉలికి వశమగునది. కోసిననాడు పసుపువన్నెతో నుండి, ఏండ్లు గడచినకొలది తేనెవన్నెకు, పిదప ముదురు గోధుమవన్నెకు తిరుగును. ముదురుచెట్టు మ్రానును కోసి, నీడపట్టున చాలకాలము ఆరవేసినగాని అది వాద్యమునకు పనికిరాదు. పచ్చికఱ్ఱతో చేసిన కుండ, అనగా వీణయందలి నాదమునిచ్చు బోలుభాగము, ఆరినకొలది మెలితిరిగి, పైని బిగించిన పలకను తనతోడ లాగి పగులగొట్టును. బొబ్బిలి వీణకు విశేషఖ్యాతి తెచ్చినది ఏకాండి పద్ధతి. అనగా కుండయు, మెట్లు నిలుచు దండియు, కొసనున్న యాళిముఖము వఱకును ఒకే మ్రానునుండి తొలిచి తీయుట. అతుకులు వేసి కూర్చిన వీణలును కలవు, అవియు చక్కగనే పలుకును. అయినను అతుకువద్ద నాదము కొంత ఆగిపోవుననియు, ఏకాండి యందు కఱ్ఱయంతయు ఒక్కటియై స్పందించుననియు శిల్పుల దృఢవిశ్వాసము.

ఆ తొలుచుటయందే శిల్పి నేర్పు మొదట తెలియును. గొడ్డలితో రూపు దింపి, బాడితతో చెక్కి, ఉలితో కుండ గర్భమును తొలుచునపుడు, అతడు మాటిమాటికి పని యాపి, వ్రేలికణుపుతో గోడను తట్టి వినును. గోడ దళసరియైనచో నాదము మూగవోవును. మితిమీఱి పలుచనైనచో తీగల బిగువును ఓర్వజాలక పగులును, ధ్వనియు డొల్లయగును. ఎంతవఱకు తొలువవలెనో చెప్పు కొలబద్ద లేదు, ఏలయన ఏ రెండు పనసమ్రానులును ఒకే సాంద్రత గలవి కావు. చెవియే అక్కడ ప్రమాణము. కుండపై పలక బిగించి, నాదరంధ్రములు తొలిచి, మెడ క్రింద ఆనుకొనుటకు బుర్ర నమర్తురు. పూర్వమిది ఎండిన సొరకాయ బుర్ర. ఇప్పుడు కాగితపు గుజ్జుతోను, ఫైబరుతోను చేయుచున్నారు. అంచుల అలంకారమునకు ఒకప్పుడు వాడిన ఏనుగుదంతము, జింకకొమ్ము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత క్రమముగా తొలగి, ప్లాస్టికు పట్టీలు వచ్చినవి. దీనివలన నాదమునకు వచ్చిన లోపమేమియు లేదు.

ఇక వీణానిర్మాణమున అతిసూక్ష్మమైన ఘట్టము మేళము కట్టుట, అనగా మెట్లను వాని వాని స్వరస్థానముల నిలుపుట. తేనెమైనమును కరగించి, గుగ్గిలమును, మెత్తని బొగ్గుపొడిని కలిపి, చల్లారుచుండగా రాగిసంకటి ముద్దవలె చేతికంటని పదమునకు తెచ్చి, దండి కిరువైపుల రెండు కట్టలుగా పెట్టుదురు. ఈ మైనపుకట్టలమీదనే మెట్లు నిలుచును. మేకు లేదు, మఱ లేదు. మెట్ల స్థానములకు గణితము కలదు. తీగలు కుండపై ఆనుకొను గుఱ్ఱము మొదలు, రెండవకొసన ఆనుకొను మేరువు వఱకు తీగ పొడవు 80 సెంటీమీటర్లనుకొన్నచో, మొదటిమెట్టు మేరువునుండి దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల దూరమున పడును. పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, 40వ సెంటీమీటరున, పైషడ్జమును పలుకును. ఇరువదినాలుగవది గుఱ్ఱమునకు 20 సెంటీమీటర్ల దూరమున నుండును. పైకి పోయినకొలది మెట్ల నడిమి యెడము తగ్గుచు, చివరి రెండింటి నడుమ ఒక సెంటీమీటరును, కొంచెమును మాత్రమే మిగులును. అచ్చట వెండ్రుకవాసి తప్పినను స్వరము చెడును.

అయినను ఈ గణితము దారి చూపునే గాని గమ్యము చేర్పదు. తీగను మెట్టుపై అదిమినంతనే దాని బిగువు కొంచెము హెచ్చి, లెక్కకు రాని యంతరమేర్పడును. సన్నని సారణియందొక తీరున, లావైన అనుమంద్రమునందు వేఱొక తీరున నిది యుండును. కావున మేళము కట్టువాడు లెక్కను ప్రక్కనుంచి, మెట్టును మెత్తని మైనముపై నుంచి, తీగ మీటి, విని, గోరంత జరిపి, మరల మీటి వినును. సారణిపై కుదిరినది మంద్రముపై కుదిరినదా యని చూచును. కానిచో మెట్టును ఇసుమంత యేటవాలుగా త్రిప్పి, రెంటికిని సమన్వయము కుదుర్చును. ఇట్లు ఒక్కొక్క మెట్టుకడ ఓర్పుతో సాగు ఈ పనియందు తొందరపాటునకు చోటే లేదు. ఈ పని చేయువాడు పాటకుడు కాకపోవచ్చును గాని, ఉత్తమశ్రోత కాక తప్పదు.

గుఱ్ఱము సంగతియు ఇట్టిదే. కఱ్ఱ గుఱ్ఱముపై లోహపు రేకును లక్కతో నతికి, దాని వీపును కంటికి కనబడీ కనబడనంత వంపుగా రాచెదరు. తీగ ఆ వంపును తాకుచు విడచుచు కదలుటవలననే వీణనాదమున కా దీర్ఘత, ఆ మెఱుపు కలుగును. విశాఖపట్టణమున చదువుకొనిన చంద్రశేఖర వేంకటరామన్ గారు 1921లో వీణా తంబురలను పరీక్షించి, తీగ నే బిందువున మీటుదుమో అచ్చట నిశ్చలమై యుండు ఉపస్వరములు వినబడగూడదను యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ పండితుల సూత్రము మన గుఱ్ఱముపై నిలువదనియు, ఆ ఉపస్వరములును స్పష్టముగా పలుకుచున్నవనియు నిరూపించిరి. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కనుగొనిన యా రహస్యమును, శతాబ్దములకు పూర్వమే ఆకురాయి పట్టిన యొకానొక శిల్పి చెవితో కనుగొనెను. ఇరువురును మనకు వందనీయులే.

ఈ వాద్యము యొక్క ఔన్నత్యము దాని మరమ్మతులో మఱింత తేటపడును. వీణయందలి ప్రతి భాగమును విప్పి, బాగుచేసి, మరల నిలుపదగినట్లుగా పెద్దలు కల్పించిరి. మైనము కాలక్రమమున ఎండి పెళుసగును. వేసవి వేడికి మెత్తబడి మెట్లు జరుగును. అప్పుడు పాతమైనమును గీకి, కరగించి, మరల మేళము కట్టుదురు. చిరకాలసాధనచే మెట్లపై తీగలు గాట్లు పెట్టినచో ఆకురాతితో సమముచేసి మెఱుగు పెట్టుదురు. గుఱ్ఱపు రేకుపై గాడి పడినచో తీగ గరగరలాడును. ఆ గాడిని రాచివేసి వంపును పునరుద్ధరింతురు. సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లె ప్రాంతపు పొడిగాలికి కఱ్ఱ ముడుచుకొని, తీగలను బిగించు బిరడలు జారుచుండును. వానకాలమున ఉబ్బి బిగుసుకొనును. బిరడకు సుద్దపొడి రాచి పట్టు కల్పించుట, పగిలిన పలకకు అదే జాతి కఱ్ఱచీలికను జిగురుతో పొదిగి కట్టుట – ఇవి యన్నియు స్వల్పవ్యయముతో నగు పనులే. ఇట్లు సంరక్షింపబడిన వీణ తాతనుండి మనుమరాలివఱకు పలుకును. తెలియనివారు మేకులు కొట్టి, ఇనుపబందులు బిగించి చేసిన చికిత్సవలన చెడిన వీణలను గూడ నేను చూచితిని; ప్రావీణ్యము లేని చేయి అప్రయోజకమే గాక అపాయకరము గూడ.

తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వైణికప్రతిభకు ముగ్ధుడై రవీంద్రుడు వారిని శాంతినికేతనమునకు రావించుకొనెను; ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు గారలు వీణానాదమును దేశదేశములకు వినిపించిరి. ఆ మహనీయుల వ్రేళ్ల క్రింద నిలిచిన మెట్లను కట్టిన చేతుల పేళ్లు ఏ గ్రంథమునను కానరావు. ఆ లోపమును ఇకనైనను సవరింపవలెను.

సంగీత కళాశాలలయందు గానమునకు గురువున్నట్లే, వాద్యసంరక్షణమునకు ఒక పనిబల్లయు, ఒక శిల్పియు నుండుట యవసరము. విద్యార్థి తన వీణకు తానే మేళము కట్టుకొనజాలకపోయినను, బిరడ నిలుపుటయు, గుఱ్ఱము పరీక్షించుటయు నేర్వవలెను. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమువంటి సంస్థలు ఈ శిల్పుల పద్ధతులను, వారి పనిముట్లను, వారి మాటలను వారి నోటనే విని గ్రంథస్థము చేసినచో భాషకును, కళకును సమానముగా మేలుకలుగును. గొల్లపల్లి యువకులకు ఈ వృత్తి కూడుపెట్టినగాని వారు ఉలి పట్టరు. కావున వీణ కొనువారు బేరమాడుటకు ముందు, అందలి శ్రమను తలచుకొనవలెను. చదువరులారా! మీ యింట అటకపై, మూలగదిలో పలుకని వీణ యొకటి యున్నచో, దానిని అలంకారవస్తువుగా నుంచకుడు. తెలిసిన శిల్పికి చూపి, మేళము కట్టించి, ఇంటిలోని యొక బిడ్డచేతికిండు.