పసివాళ్ల మాటకూ వంతు ఉండాలి

రెండేళ్లు నిండుతున్నా బిడ్డకు మాటలు రాకపోతే పెద్దలు చెప్పే సలహా ఒకటే: ఎక్కువగా మాట్లాడుతూ ఉండండి అని. అందులో తప్పు లేదు గానీ అది సగమే. 1995లో హార్ట్, రిస్లీ అనే అమెరికన్ పరిశోధకులు 42 కుటుంబాలను గమనించి, కలిగిన ఇళ్ల పిల్లలు బడికి వెళ్లే ఈడు రాకముందే పేదిళ్ల పిల్లల కన్నా మూడు కోట్ల మాటలు ఎక్కువగా వింటారని లెక్కగట్టారు. ఆ లెక్క మీద తర్వాత విమర్శలు చాలానే వచ్చాయి. 2018లో ఎంఐటీ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలను పరిశీలిస్తే మరో సంగతి తేలింది. పిల్లలు ఎన్ని మాటలు విన్నారన్న దానికన్నా, పెద్దలతో ఎన్నిసార్లు మాటకు మాట కలిపారన్న దానితోనే మెదడులోని భాషా ప్రాంతం చురుకుదనం ఎక్కువ ముడిపడి ఉంది. తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునూ లెక్కలోకి తీసుకున్నా ఈ సంబంధం చెదరలేదు. అంటే పసివాళ్లకు వినే అవకాశంతో పాటు బదులు పలికే వంతూ దక్కాలి.

వంతు ఇవ్వడం కష్టమైన విద్యేమీ కాదు. అన్నం తినిపిస్తుంటే పాప పిట్టగోడ వైపు వేలు చూపించి ‘కా’ అంటుంది. ‘అవును, కాకి! గోడ మీద వాలింది’ అని ఆగాలి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగితే ఒక చూపో, కేకో, మరో ‘కా’ నో వస్తుంది. అదీ జవాబే. అప్పుడు ‘కాకికి బువ్వ పెడదామా?’ అనొచ్చు. పాప చూస్తున్నదాని గురించే మాట్లాడాం, పాప పలికిన ఒక్క అక్షరాన్నే వాక్యం చేశాం. ‘కా కాదు, కాకి అను, ఏదీ అను’ అని వెంటపడితే కబుర్లు కాస్తా పరీక్ష అయిపోతాయి.

ఫోన్లో రైమ్స్ చూసి నేర్చుకోవడం లేదా అంటారు. పాట వల్లె వేయడం వేరు, మాట్లాడటం వేరు. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు చైనీస్ మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ ధ్వనులను పోల్చుకోగలిగారు, అదే వీడియోలో చూసిన పిల్లలు నేర్చుకోలేదు. తెర ఆగదు, బిడ్డ ‘కా’ కు బదులివ్వదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే తీరికెక్కడిదన్న మాట నిజమే. అయితే స్నానం, తిండి, బట్టలు తొడగడం ఎలాగూ తప్పవు, వాటిలోనే ఈ కబుర్లు ఇమిడిపోతాయి. ఇంగ్లిష్ మీడియం కోసం ఇంట్లో తెలుగు మానాల్సిన పనీ లేదు. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. తల్లిదండ్రులకు ధారాళంగా వచ్చే భాషలోనే కబుర్లు సాగుతాయి.

‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ మూడేళ్లకు వచ్చాయి’ అన్న ఓదార్పు ఒక్కటి మాత్రం ప్రమాదకరం. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ రా’ లాంటి రెండు పదాలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఎంత మాట్లాడించినా, వినబడని బిడ్డకు ఇంటి కబుర్లు ఒక్కటే చాలవు. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఇలాంటి పిల్లలను ఉచితంగానే పరీక్షించి పై వైద్యానికి పంపుతాయి. మూడో పుట్టినరోజు దాకా ఎదురుచూడకండి.