ఆఫ్రికా సమాజకార్య పత్రికలకు పరిశోధన పత్ర రచన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సోషల్ వర్క్‌గా వాడుకలో ఉన్న సమాజకార్యంలో పరిశోధన పత్రాన్ని ఆఫ్రికా పత్రికకు సిద్ధం చేయడాన్ని చాలామంది రూపసంబంధమైన పనిగానే భావిస్తున్నారు. పదాల పరిమితి, ఉల్లేఖన పద్ధతి, పట్టికల అమరిక కుదిరితే పత్రం సిద్ధమైనట్లేనన్న అభిప్రాయం బలపడింది. ఆ పత్రికలు కోరుతున్నది అంతకంటే లోతైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సిద్ధాంతం ఎంపిక, స్థానిక పదాల వినియోగం, సమ్మతి, ఫలితాలను ప్రజలకు తిరిగి అందించడం అనే నాలుగు అంశాలలో పరిశోధకుడు తీసుకునే నిర్ణయాలే పత్రం విలువను తేలుస్తాయని దక్షిణాఫ్రికా, జింబాబ్వే ఉదాహరణలతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సమాజకార్యం, ఆఫ్రికా, దేశీయీకరణ, ఉబుంటు, బంధుత్వ పదజాలం, పరిశోధన నీతి.

1. ప్రవేశిక

పరిశోధన పత్రానికి ఒక స్థిరమైన చట్రం ఉంది. సంగ్రహం, పూర్వపరిశోధనల సమీక్ష, పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు అనే వరుస ఏ దేశపు పత్రికకైనా దాదాపు ఒకటే. అందువల్ల ఒకచోట తిరస్కరణకు గురైన పత్రాన్ని ఉల్లేఖన పద్ధతి మార్చి మరొకచోటికి పంపడం పరిపాటి అయింది. సమాజకార్యం విషయంలో ఈ అలవాటు ప్రత్యేకంగా హానికరం. భౌతికశాస్త్రంలో కొలత దేశాన్ని బట్టి మారదు. సమాజకార్యంలో 'కుటుంబం', 'అనాథ', 'సంరక్షణ' వంటి మౌలిక పదాల అర్థమే దేశాన్ని బట్టి మారుతుంది. ఆ అర్థాలను ఎవరి నుంచి స్వీకరించారన్నది పత్రంలోని ప్రతి భాగంలోనూ బయటపడుతుంది.

2. చారిత్రక నేపథ్యం

ఆఫ్రికా పత్రికల పట్టుదలకు కారణం ఈ శాస్త్రం ఆ ఖండంలో అడుగుపెట్టిన తీరులోనే ఉంది. దక్షిణాఫ్రికాలో పేద శ్వేతజాతీయుల సమస్యపై కార్నెగీ కమిషన్ నివేదిక 1932లో వెలువడింది. వృత్తిపరమైన సమాజకార్య శిక్షణకు అది బలమైన ప్రేరణ అయింది. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రం, సమాజకార్యం బోధించిన ఆచార్యుడు హెండ్రిక్ వెర్వూర్డ్ అనంతరకాలంలో ఆ దేశ ప్రధానమంత్రిగా జాతి విభజన విధానానికి ప్రధాన రూపకర్త అయ్యాడు. అంటే 'సంక్షేమం' అన్న మాట అక్కడ మొదట ఒక వర్ణానికి చెందినవారి సంక్షేమంగానే రూపుదిద్దుకుంది. నల్లజాతి సమాజకార్యకర్తలకు శిక్షణనిచ్చిన యాన్ హాఫ్‌మయర్ పాఠశాల 1941లో జొహానెస్‌బర్గ్‌లో ప్రారంభమైంది. దేశవ్యాప్త సంక్షేమ విధానం అభివృద్ధిపరమైన దృక్పథానికి అధికారికంగా మళ్లినది 1997 నాటి సాంఘిక సంక్షేమ శ్వేతపత్రంతోనే.

జేమ్స్ మిడ్జ్‌లీ 1981లో ప్రచురించిన గ్రంథంలో మూడవ ప్రపంచ దేశాలలో సమాజకార్యం విస్తరించిన తీరును వృత్తిపరమైన సామ్రాజ్యవాదంగా నిరూపించాడు. బోట్స్‌వానా విశ్వవిద్యాలయంలో బోధించిన క్వాకు ఓసేయ్-హ్వేడీ 1993లో, జింబాబ్వే నుంచి వెలువడే సాంఘికాభివృద్ధి పత్రికలో, దేశీయీకరణ ఎక్కడ మొదలుకావాలన్న ప్రశ్నను లేవనెత్తాడు. 2014లో మెల్‌బోర్న్‌లో ఆమోదించిన అంతర్జాతీయ నిర్వచనం సమాజకార్యానికి ఆధారమైన వాటిలో దేశీయ జ్ఞానాన్ని కూడా చేర్చింది. ఆఫ్రికా పత్రికలు ఆ ఖండపు రచనలను ఉల్లేఖించమని, స్థానిక దృక్పథాన్ని చూపమని కోరడం ఈ చర్చకు కొనసాగింపే. దానిని ప్రాంతీయాభిమానంగా తీసివేయడం చరిత్రను విస్మరించడమే అవుతుంది.

భారతీయ పరిశోధకులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1936లో బొంబాయిలో నెలకొన్న టాటా సమాజకార్య పాఠశాలకు తొలి సంచాలకుడు అమెరికాకు చెందిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్. పాఠ్యప్రణాళికలు దిగుమతి అయిన శాస్త్రాన్ని ఇక్కడి కులం, కుటుంబం, గ్రామం అనే వాస్తవాలతో ఎలా సమన్వయపరచాలన్న చర్చ భారతదేశంలోనూ ఇంకా ముగియలేదు.

3. సిద్ధాంతం స్థానం: ఉబుంటు

మనిషి ఇతర మనుషులతో ఉన్న సంబంధం వల్లనే మనిషి అవుతాడన్న భావనకు జులూ, ఖోసా భాషలలో ఉబుంటు అని పేరు. షోనాలో అది హున్హు, సెత్స్‌వానాలో బోతో, స్వాహిలీలో ఊటు. 2020లో ఆఫ్రికా సమాజకార్య పత్రిక ఉబుంటుపై ప్రత్యేక సంచిక వెలువరించింది. జేకబ్ ముగుంబాతే, అడ్మైర్ చెరేని తమ సంపాదకీయంలో ఈ భావనకు సమాజకార్యంలో సిద్ధాంతంగా చోటు దక్కిందని ప్రకటించారు. 2021 ప్రపంచ సమాజకార్య దినోత్సవానికి ఉబుంటు ఇతివృత్తమైంది.

ఈ గుర్తింపుతో పాటు ఒక ప్రమాదమూ వచ్చింది. పత్రం ఆమోదం పొందడానికి ఉబుంటును ప్రవేశికలో ఒకసారి, ముగింపులో ఒకసారి ప్రస్తావించి, మధ్యలో విశ్లేషణంతా పాశ్చాత్య మనోవిజ్ఞాన నమూనాలతో నడిపే ధోరణికి అది దారితీస్తుంది. అటువంటి పత్రంలో ఉబుంటు అలంకారమే తప్ప సిద్ధాంతం కాదు. పరీక్ష సులభం: ఆ పదాన్ని తొలగించి చదివినప్పుడు ప్రశ్నావళి, నమూనా ఎంపిక, ఫలితాల వర్గీకరణ ఏవీ మారకపోతే అది ఆ పత్రంలో పని చేయడం లేదని అర్థం. పని చేసే సిద్ధాంతం పరిశోధన ప్రమాణాన్నే మారుస్తుంది. వ్యక్తిని విడిగా ప్రశ్నించడానికి బదులు ఇంటిల్లిపాదినీ కలిపి వినవలసిన అవసరాన్ని అది ముందుకు తెస్తుంది.

దీనికి ఎదురుగా మరొక లోపం ఉంది. ఉబుంటును ఆదర్శీకరించి, ఉమ్మడి కుటుంబం అన్ని భారాలనూ మోయగలదని తేల్చే పత్రాలు ప్రభుత్వ బాధ్యతను తెలియకుండానే తగ్గిస్తాయి. దక్షిణాఫ్రికాలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను పెంచుతున్న బంధువులను, ముఖ్యంగా అమ్మమ్మలను, నానమ్మలను, ఎక్కువ మొత్తం లభిస్తుందన్న కారణంతో న్యాయస్థాన ఉత్తర్వుతో కూడిన పోషక సంరక్షణ భృతి వైపు మళ్లించారు. ఫలితంగా సమాజకార్యకర్తలు గడువు తీరిన ఉత్తర్వులను పునరుద్ధరించలేక సతమతమయ్యారు. 2011లో ప్రిటోరియా ఉన్నత న్యాయస్థానం జోక్యం చేసుకుని ఉత్తర్వుల గడువును పొడిగించవలసివచ్చింది. బంధుత్వం సజీవంగా ఉన్నా, దానిని గుర్తించే పాలనావ్యవస్థ లేకపోతే ఏమవుతుందో ఈ ఉదంతం చూపుతుంది. ఉబుంటును ప్రస్తావించే పత్రం ఈ రెండవ ప్రశ్నను కూడా ఎదుర్కోవాలి.

4. స్థానిక పదాలు: అనువాదంలో జారిపోయే సమాచారం

పత్రం నాణ్యతను నిర్ణయించే అతి సూక్ష్మమైన అంశం పదం. ఆఫ్రికా భాషలలో జరిగిన ముఖాముఖిని ఆంగ్లంలోకి మార్చి ఉదహరించడం సాధారణం. ఆ మార్పులో పోయేదేమిటో తెలుగు పాఠకుడికి వివరించనవసరం లేదు.

షోనా భాషలో తల్లి అక్క మైగురు, తల్లి చెల్లెలు మైనీని. ఈ పదాల అర్థం పెద్ద తల్లి, చిన్న తల్లి. తండ్రి అన్న బాబాముకురు, తమ్ముడు బాబామునీని. తెలుగులోని పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్నలతో ఈ వరుస అచ్చంగా సరిపోతుంది. తండ్రి సోదరి తేతే, తల్లి సోదరుడు సెకురు విడిగా ఉంటారు. మేనత్త, మేనమామ వేరుగా ఉన్నట్లే. ఆంగ్లంలో వీరందరూ రెండే పదాలలో కలిసిపోతారు. తల్లి మరణించిన పిల్ల 'ఆంటీ' వద్ద ఉందని రాసిన వాక్యంలో ఆమె మైనీనియా, తేతేయా అన్నది తెలియదు. చిన్న తల్లి వద్ద పెరగడం తల్లి వద్ద పెరగడంగానే ఆ సమాజం భావించవచ్చు. తేతేకు అన్నదమ్ముల ఇంట అధికారం, వివాహ విషయాలలో సలహా ఇచ్చే బాధ్యత ఉంటాయి. ఈ భేదం చెరిగిన తర్వాత చేసే విశ్లేషణ ఎంత పకడ్బందీగా ఉన్నా పునాది కదిలిందే.

అయితే పోలిక సమానత్వం కాదు. తెలుగునాట అనేక కులాలలో మేనమామ కూతురు పెళ్లి వరుస. షోనా బంధుత్వంలో ఆమె కూడా తల్లి వరుసకే చెందుతుంది. ముతుపో అనే కులచిహ్నం ఒకటే అయినవారి మధ్య వివాహం నిషిద్ధం. తనకు తెలిసిన వ్యవస్థతో పోలిక దొరికిందని తెలుగు పరిశోధకుడు తొందరపడితే, పాశ్చాత్య పరిశోధకుడు చేసిన పొరపాటునే మరో దిశ నుంచి చేసినవాడవుతాడు.

'అనాథ' అన్న పదం ఇంకొక ఉదాహరణ. తల్లిదండ్రులలో ఒక్కరు మరణించినా యునిసెఫ్ గణాంకాలలో ఆ బిడ్డ అనాథే. ఈ నిర్వచనాన్ని ప్రశ్నించకుండా వాడితే పిన్నమ్మ సంరక్షణలో ఉన్న బిడ్డ, ఎవరూ లేని బిడ్డ ఒకే గడిలో పడతారు. దీనికి ప్రతిగా ఆఫ్రికా సంప్రదాయంలో అనాథలే లేరని రాయడం కూడా సరికాదు. షోనాలో న్హెరేరా అన్న పదం ఉంది; పదం ఉందంటే ఆ స్థితిని ఆ సమాజం ఎరిగినదే. రాజు ధాన్యాగారంగా చెప్పదగిన జుండే రామాంబో అనే ఉమ్మడి సాగు ఏర్పాటు ఇటువంటివారి కోసం కూడా ఉద్దేశించినదే. మూలపదాన్ని అలాగే ఉంచి, అర్థాన్ని వివరించి, విశ్లేషణలో దానినే ఆధారం చేసుకోవడం మేలైన మార్గం.

5. సమ్మతి, తిరిగి అందించడం

పరిశోధన నీతి భాగంలో అనుమతి సంఖ్య రాసి ముగించడం ఆనవాయితీ. కెన్యాలో శాస్త్ర, సాంకేతిక, నవకల్పనల జాతీయ కమిషన్ లైసెన్సు, దక్షిణాఫ్రికాలో నమోదైన నీతి సంఘం ఆమోదం వంటి దేశీయ అనుమతులు అవసరమే. కానీ అనుమతి పత్రం నీతికి ఆరంభం మాత్రమే. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో తమ సొంత పరిశోధన నీతి నియమావళిని ప్రకటించారు. హూడియా అనే ఎడారి మొక్కకు ఆకలిని అణచే గుణం ఉందన్న తమ పూర్వికుల జ్ఞానంపై ఒక పరిశోధన సంస్థ పేటెంటు పొందిన అనుభవం వారికుంది. లాభంలో భాగం ఇచ్చే ఒప్పందం 2003లో, పేటెంటు తర్వాత కుదిరింది. గౌరవం, నిజాయతీ, న్యాయం, ఆదరణ అనే విలువలపై నిలిచిన ఆ నియమావళి పరిశోధకులు పాండిత్య భాషలో కాక స్పష్టమైన మాటలలో మాట్లాడాలని, ఫలితాలను తమకు తిరిగి తెలపాలని కోరుతుంది.

దీని దృష్ట్యా చూస్తే ముగింపులో సాధారణంగా కనిపించే 'విధానకర్తలు దృష్టి సారించాలి' అన్న వాక్యం బలహీనమైనది. ఏ శాఖ, ఏ చట్టం, ఏ స్థాయి ఉద్యోగి అన్నది లేకుంటే అది సిఫారసు కాదు. పాల్గొన్నవారికి ఫలితాలు ఏ భాషలో, ఏ రూపంలో చేరాయో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన పత్రం ఆ మేరకు బలపడుతుంది.

6. పత్రిక ఎంపిక

పేరులో 'ఆఫ్రికా' ఉన్నంత మాత్రాన పత్రిక ఆఫ్రికాది కాదు. రుసుము తీసుకుని సమీక్ష లేకుండా ప్రచురించే పత్రికలు ఆ పేరును వాడుకోవచ్చు. 1998లో మొదలై దక్షిణాఫ్రికాలోని మఖాండా కేంద్రంగా పనిచేస్తున్న ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్ జాబితాలో పత్రిక ఉన్నదీ లేనిదీ, అక్కడ నక్షత్రాల రూపంలో ఇచ్చే ప్రచురణ ప్రమాణాల స్థాయి, సంపాదకవర్గం, గత సంచికలు పరిశీలించడం తొలి మెట్టు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కేర్ జాబితాను 2025లో విరమించి, పత్రికల మదింపు బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. కనుక తెలుగు రాష్ట్రాల పరిశోధకులకు, పర్యవేక్షకులకు ఈ వివేచన ఇప్పుడు మరింత అవసరం.

7. ముగింపు

1. ఆఫ్రికా సమాజకార్య పత్రికల నియమాలు ఒక చారిత్రక విమర్శకు ఆచరణరూపం. వాటిని రూపనియమాలుగా మాత్రమే పాటించిన పత్రం ఆ విమర్శకు జవాబు చెప్పదు.

2. ఉబుంటు వంటి భావన పద్ధతిని మార్చినప్పుడే సిద్ధాంతం. ప్రభుత్వ బాధ్యతను కప్పిపుచ్చడానికి అది సాధనం కారాదు.

3. స్థానిక బంధుత్వ పదాలను అనువాదంలో కోల్పోవడం భాషాలోపం మాత్రమే కాదు, సమాచార లోపం. తెలుగు పరిశోధకునికి సొంత భాష ఈ లోపాన్ని గుర్తించే చూపునిస్తుంది. పోలికను తొందరపడి ముగించే ప్రలోభాన్నీ ఇస్తుంది.

4. ఫలితాలు ఎవరి జీవితాల నుంచి వచ్చాయో వారికి చేరే మార్గం పత్రంలో కనిపించాలి.

చిన్న తల్లిని 'ఆంటీ'గా రాసిన ఒక్క పదం వల్ల ఒక బిడ్డకు ఇల్లు ఉందో లేదో తేల్చే నివేదిక తారుమారు కావచ్చు. సమాజకార్య పరిశోధన పత్రానికి ఉన్న అసలు బరువు అది.