పట్టికలోని ఆకాశం, మన ఆకాశం

ఏటా జనవరి రాగానే పత్రికలలో 'ఈ ఏడాది ఆకాశంలో విశేషాలు' అంటూ పట్టికలు వెలువడుతుంటాయి. గ్రహణాలు, గ్రహాల కలయికలు, ఉల్కాపాతాలు తేదీలతో సహా ఉంటాయి. తేదీలలో సాధారణంగా తప్పుండదు. లోపమల్లా, వాటిలో చాలా భాగం ఐరోపా, అమెరికా ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి కావడమే. ఢిల్లీలో మేడమీద నిలబడి చూసే విద్యార్థికి అవి ఎంతవరకు ఉపయోగపడతాయి?

పర్సీడ్ ఉల్కాపాతాన్నే తీసుకుందాం. ఆగస్టు 12-13 రాత్రి 'గంటకు 100 ఉల్కలు' అని రాస్తారు. ఉల్కలు వెలువడినట్లు కనిపించే బిందువు నడినెత్తిన ఉండి, ఆకాశం పూర్తిగా చీకటిగా ఉన్నప్పటి లెక్క అది. ఢిల్లీలో అవి వర్షాకాలపు రోజులు. మబ్బు లేకపోయినా వీధిదీపాల వెలుగు ఉండనే ఉంది. ఈ సంగతి చెప్పకపోతే, రాత్రంతా మేలుకొని నాలుగైదు ఉల్కలే చూసిన పిల్లవాడు తప్పు తనదే అనుకుంటాడు. డిసెంబరు 14 ప్రాంతంలో వచ్చే జెమినిడ్లు, పొగమంచు అడ్డురాకపోతే, మనకు అంతకంటే అనువైనవి.

'సప్తర్షి మండలం ఏడాది పొడవునా కనిపిస్తుంది' అన్నది మరో వాక్యం. లండన్‌లో అది నిజమే. 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న ఢిల్లీలో మాత్రం నవంబరు సాయంకాలాలలో ఆ మండలం దాదాపు అంతా దిగంతం కిందికి దిగిపోతుంది. అప్పుడు ధ్రువ నక్షత్రాన్ని వెతకడానికి శర్మిష్ఠ మండలమే ఆధారం. మరోవైపు, లండన్‌లో ఎన్నడూ ఉదయించని అగస్త్య నక్షత్రం ఫిబ్రవరి రాత్రులలో దక్షిణాన ఢిల్లీలో సుమారు 9 డిగ్రీల ఎత్తున, హైదరాబాదులో సుమారు 20 డిగ్రీల ఎత్తున వెలుగుతుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తరువాత అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం ఇదే. అరువు తెచ్చుకున్న పట్టికలో దానికి చోటెక్కడిది?

తీన్‌మూర్తిలో 1984లో ప్రారంభమైన నెహ్రూ ప్లానెటోరియం గుమ్మటం కింద వేల చుక్కలు చూపవచ్చు. బయటికి వస్తే బాగా ప్రకాశించేవే మిగులుతాయి. అయితే వాటితోనే ఏడాదంతా గడపవచ్చు. మన నెలల పేర్లే ఒక పట్టిక. పౌర్ణమి చంద్రుడు చైత్రంలో చిత్తకు, జ్యేష్ఠంలో జ్యేష్ఠకు, మాఘంలో మఖకు చేరువలో ఉంటాడు. ఈ మూడు నక్షత్రాలూ నగరపు వెలుగులో కూడా కనిపిస్తాయి. కార్తీకానికి పేరిచ్చిన కృత్తికలను, అంటే పల్లెల్లో పిల్లలకోడి అనే గుంపును, చూడాలంటే మాత్రం చంద్రుడు లేని రాత్రి కావాలి.

ఏ అక్షాంశానికి, ఏ వేళకు, ఎంత చీకటికి? ఈ మూడూ చెప్పని పట్టిక అసంపూర్ణమే. దానిని చేతబట్టుకొని మేడెక్కండి. కనిపించినవీ కనిపించనివీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి పట్టిక మీ చేతిలోనే ఉంటుంది.