సంయుగ్మబీజపు గోడ నమ్మదగిన సాక్షియేనా?

చెరువులలోను, నిలువనీటి గుంటలలోను పట్టుదారములవలె తేలియాడు పచ్చని పాచిలో తరచుగా కనబడునది స్పైరోగైరా. కణములలో మెలిదిరిగిన హరితరేణువుల పట్టీలనుబట్టి హైస్కూలు విద్యార్థి సైతము దీనిని గుర్తింపగలడు. కాని ఈ ప్రజాతిలో వందలకొలది జాతులు వర్ణింపబడినవి. సూక్ష్మదర్శిని క్రిందనున్నది వానిలో ఏది?

ఈ ప్రశ్నకు సమాధానమొసగ యత్నించిన గ్రంథములలో ఎం. ఎస్. రంధావా ఆంగ్లమున రచించిన 'జిగ్నిమేసీ' ముఖ్యమైనది. భారత వ్యవసాయ పరిశోధన మండలి దీనిని 1959లో ప్రకటించినది. అంతకు ముందు 1951లో అమెరికాలో ట్రాన్సో ఈ కుటుంబముపైననే ఒక గ్రంథము వెలువరించెను. ఇద్దరును సంయుగ్మబీజపు గోడకు పెద్దపీట వేసినారు.

దానికి కారణము లేకపోలేదు. రెండు తంతువులు ప్రక్కప్రక్కన చేరి, ఒక కణములోని పదార్థము రెండవదానిలోనికి ప్రవహించి కలిసినప్పుడు సంయుగ్మబీజము ఏర్పడును. దాని గోడలో మూడు పొరలు కలవు. నడిమి పొర గట్టిది; పక్వమైనప్పుడు సాధారణముగా రంగు తేరును. కొన్ని జాతులలో అది నునుపుగానుండును. కొన్నింటిలో గుంటలు, మరికొన్నింటిలో వలవంటి గీతలు కనబడును. నీరెండినను బీజమును కాపాడునది ఈ గోడయే. తంతువు పెరుగుదల వెలుతురునుబట్టి, ఋతువునుబట్టి మారును. పక్వమైన గోడ అట్లు మారదు.

అయినను ఈ సాక్షికి పరిమితులున్నవి. పక్వము కాని గోడపై చెక్కడము స్పష్టపడదు. తొందరపడినవారు దానిని 'నునుపు' అని వ్రాసికొని వేరొక జాతి క్రింద చేర్చెదరు. సాధారణ సూక్ష్మదర్శినిలో నునుపుగా తోచిన కొన్ని గోడలపై ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తరువాతి కాలమున సన్నని చెక్కడములను చూపినది.

ఇంతకంటె పెద్ద చిక్కు గోడలో లేదు, దాని ప్రక్కన నిలిపిన కొలతలో ఉన్నది. గోడ ఒకే తీరుగనున్న జాతులను ఈ గ్రంథములు తంతువు వెడల్పునుబట్టి విడదీసినవి. 1985లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఒకే తంతువునుండి పెంచిన స్పైరోగైరా కమ్యూనిస్ సంతతిలో వేర్వేరు వెడల్పుల తంతువులు బయలుదేరినవి. వాని క్రోమోసోముల సంఖ్యయు మారినది. పాత పట్టికలలో పెట్టి చూచినచో అవి వేర్వేరు జాతులగును! ఒక్క తల్లి బిడ్డలకు మూడు ఇంటిపేర్లు పెట్టినట్లయినది.

కనుక రంధావా గ్రంథము నిరుపయోగమనుట న్యాయము కాదు. బీజము లేని తంతువుకు జాతి పేరు పెట్టరాదను పాఠము దీనినుండి నేటికిని నేర్వవలసినదే. కాని దానిలోని ప్రతి పేరును ప్రకృతిలో వేరుగనున్న జాతియని నమ్మరాదు.

పాఠశాలలో తంతువు మాత్రమే దొరకినప్పుడు 'స్పైరోగైరా' అని వ్రాసి ఆగుట తప్పు కాదు. ఆ గుంటనే వారము వారము పరిశీలించి, బీజములు పక్వమగువరకు వేచియుండుట మేలు. తెలియని పేరు వ్రాయకుండుటయు శాస్త్రములో ఒక భాగమే.