పిడికిట్లో తడి

గేటు నుంచి వాకిలిదాకా పేవర్లు పరిపించుకునేవాళ్ళు రంగు చూస్తారు, డిజైను చూస్తారు, అడుగుకింత అని బేరమాడతారు. వాటి కింద ఏం పడుతోందో చూసేవాళ్ళు తక్కువ. తొలి వానలకే కారు చక్రం నడిచేచోట గాడి పడితే తిట్లన్నీ పేవర్లకే. తప్పు చాలాసార్లు అడుగున ఉంటుంది.

కర్ణాటకలోని పావగడ తాలూకానే చూడండి, దానికి మూడు వైపులా ఆంధ్ర. ఎండకు కొదవ లేదు కనుకే తిరుమణి చుట్టుపక్కల సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. కొదవంతా నీటికే. పేవర్ల కింద నేలను కొట్టి అణిచే దిమ్మిస పనికి ముఖ్యంగా కావలసింది కూడా ఆ నీరే.

పొడిమట్టిని ఎంత కొట్టినా రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి కదలవు. కాస్త తడి తగిలితే జారి, సందుల్లో సర్దుకుంటాయి. నీళ్ళు ఎక్కువైతే ఆ సందులను నీరే ఆక్రమిస్తుంది, నేల కాలికింద ఊగుతుంది. ఈ రెంటి మధ్య సరైన తడి ఎంతో తేల్చే పరీక్షను 1933లో రాల్ఫ్ ప్రాక్టర్ ప్రకటించాడు. లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగంలో మట్టి ఆనకట్టలు కట్టించిన ఇంజనీరు ఆయన. మన దేశంలో తేలికపాటి పరీక్షకు లీటరు అచ్చులో మట్టిని మూడు పొరలుగా పోసి, 2.6 కిలోల సుత్తిని 31 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ పొరకు 25 దెబ్బలు వేస్తారు.

మేస్త్రీకి ల్యాబు అక్కర్లేదు, పిడికిలి చాలు. గుప్పెడు గరుసు గట్టిగా పిసికితే ఉండ కట్టాలి, అరచేతికి నీరు అంటకూడదు. కింద వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే ఇంకా తడపాలి. ముద్దలా అతుక్కుపోతే ఆరనివ్వాలి.

పనిలో ముందుగా వేర్లున్న పైమట్టి తీసేయాలి. ఎర్రనేలైతే ఫరవాలేదు; నల్లరేగడి తగిలితే తవ్వి పారేసి గరుసు నింపక తప్పదు, అది తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. ఎక్కువగా చెడేది ఆ తర్వాతే. అడుగు మందం గరుసు ఒకేసారి పోసి, పైన ప్లేటు మిషను తిప్పేస్తారు. పైపొర రాయిలా కనిపిస్తుంది, కిందంతా గుల్ల. చిన్న మిషను దెబ్బ అంత లోతుకు దిగదు. నాలుగైదు అంగుళాల చొప్పున పోసి, ఒక్కో పొర తడిపి అణచాలి. దానిమీద కంకర. గ్రానైటు కంకరకు పదునైన అంచులుంటాయి కాబట్టి రాయి రాయిని పట్టుకుంటుంది. ఏటి గులకరాళ్ళు దొర్లుతాయి. చివర పరిచే ఇసుక అంగుళం, ఒకటిన్నర అంగుళం చాలు. గుంతలు పూడ్చేది ఇసుకతో కాదు.

తాగడానికి పనికిరాని ఫ్లోరైడు బోరు నీళ్ళు ఈ పనికి నిక్షేపంగా సరిపోతాయి. పేవర్ల బేరంలో ఒక ట్యాంకరు నీళ్ళ ఖర్చునూ కలుపుకోండి. పేవర్ల లారీ రాకముందే ఒక పూట అక్కడ నిలబడి, ఒక్కో పొరను మడమతో గట్టిగా తొక్కి చూడండి. గుర్తు పడితే మళ్ళీ కొట్టించండి.