పాత ఇంజన్ నాడి తెలిసిన చేతులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. కాకినాడ, విశాఖ వైపు ఫైబర్ పడవల వెనక బిగించే ఇంజన్లను విప్పి చూసుకోవడానికి అదే అదను. పాత టూస్ట్రోక్ ఇంజన్‌కు మళ్లీ ఊపిరి పోసే మెకానిక్ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ముందు ప్లగ్ విప్పుతాడు. మొన నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ పడుతోందని లెక్క. తర్వాత కిందనున్న గేర్ ఆయిల్. అడుగు స్క్రూ వదులు చేసి, కారిన చుక్కను వేళ్ల మధ్య రాసి చూస్తాడు. పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయి నీళ్లు దిగినట్టే. ఇనప రజను తగిలితే గేర్లు అరుగుతున్నట్టే. అంత పరీక్షా ఆ రెండు వేళ్లతోనే!

నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను మాత్రం అతను అస్సలు వదిలిపెట్టడు. దాని రెక్కలు గట్టిపడితే చల్లబరిచే నీరు పైకెక్కదు, నడిసముద్రంలో పిస్టన్ పట్టేస్తుంది. ఒడ్డు కనబడని చోట అది ప్రాణాలతో చెలగాటం.

పడవ యజమానులకు ఒక్క మాట. వేట నుంచి రాగానే ఇంజన్‌ను మంచినీళ్లలో కాసేపు నడిపి ఉప్పు వదిలించండి. ఆ మెకానిక్ అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.