జానెడు కర్ర, పదడుగుల నేల

శామీర్‌పేట చెరువు దాటి లోపలికి మళ్లే దారిలో మా చిన్నమ్మ ఇల్లు. పెరట్లో వేపచెట్టు పక్కన ఆమె కట్టించుకున్న కోళ్ల గూడు ఉంది. అందులో పది పెట్టలు, ఒక పుంజు. అన్నీ గ్రామప్రియలే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే ఇది అంతకు రెండింతలకు పైగా, గోధుమరంగు గుడ్లు పెడుతుంది. కోళ్లు చూసి వెళ్దామని వచ్చిన నన్ను పూటంతా అక్కడే కూర్చోబెట్టింది మాత్రం ఆ గూడు.

వెనకట ఈ ఊళ్లో ఎవరూ కోళ్లకు జాగా లెక్కపెట్టలేదు. రాత్రికి గంప కింద కమ్మేవాళ్లు, లేదా అరుగు పక్కన మట్టిగూట్లోకి తోలి బండ అడ్డం పెట్టేవాళ్లు. తెల్లారితే వాడంతా కోళ్లదే. గూడు ఇరుకైనా నడిచిందంటే పగలంతా ఊరే దొడ్డి కాబట్టి. ఔటర్ రింగు రోడ్డు వచ్చి, పొలాలు వెంచర్లయి, ప్లాట్ల చుట్టూ ప్రహరీలు లేచాక ఆ దొడ్డి పోయింది. అది ఇచ్చిందంతా ఇప్పుడు జాలీ లోపల మనమే ఇవ్వాలి. "రాత్రికి రెండడుగులు సాలు, పగటికి పది గావాలె" అంటుంది చిన్నమ్మ. చదరపు అడుగులు, ఒక్కో కోడికి.

గూడు నేలమీద లేదు. ఆరు రాతి కడీలు మూడు జతలుగా పాతి, రెండడుగుల ఎత్తున వాటిమీద రెండు షాబాదు బండలు పరిచారు. అదే గూటి అడుగు: ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మొత్తం 24 చదరపు అడుగులు. పదకొండింటికి పంచితే తలా రెండడుగులు దాటుతుంది. బండ కావడంతో పందికొక్కు, ముంగిస కిందినుంచి తవ్వుకుని రాలేవు. బండను ఒక పక్కకు వేలెడు వాలుగా పెట్టాడు మేస్త్రి, కడిగితే నీళ్లు నిలవవు. పైన బెత్తెడు మందాన వరి ఊక. రెట్టలోని తడిని ఊక పీల్చుకుంటుంది. తడి నిలిచిన ఊకలోనే కోళ్లకు రక్తవిరేచనాల జబ్బు పుడుతుంది కనుక చిన్నమ్మ రోజూ కర్రతో తిరగేస్తుంది. ఇక బండ కింద మిగిలిన రెండడుగుల చీకటి మే నెలలో కోళ్లకు ప్రాణం. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉండే జీవి, ఎక్కువగా నోరు తెరిచి రొప్పే చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం అన్నీ ఆ నీడలోనే రెక్కలు కాస్త విప్పి పడుకుంటాయి.

గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉంది. పొద్దున, సాయంత్రం పడే ఏటవాలు ఎండ చిన్న గోడలకే తగులుతుంది. ఈ చుట్టుపక్కల పెద్ద పెద్ద లేయర్ షెడ్లన్నీ ఇదే దిక్కున కనబడతాయి. పైన సిమెంటు రేకు, దానిమీద ఏటా ఎండాకాలం ముందు సున్నం పూత. రేకు రెండడుగులు ముందుకు చొచ్చుకొచ్చి ఉంటుంది కాబట్టి వాన జల్లు లోపలికి కొట్టదు. గోడలు రేకు దాకా లేవవు. చివరి అడుగంతా జాలీయే. రాత్రి కోళ్లు విడిచే వేడి ఊపిరి, రెట్టల నుంచి లేచే అమోనియా ఆ సందులోంచి బయటికి పోతాయి. సందు ఎత్తే అసలు కిటుకు: కూర్చున్న కోడి తలకంటే పైన ఉంది, అందుకని గాలి ఆడుతుంది గానీ చలి గాలి కోడి మీద పడదు.

కూర్చునే కర్రల దగ్గర నేను చాలాసేపు ఆగాను. రెండంగుళాల వేపకర్రలు రెండు, అంచులు గుండ్రంగా చిత్రిక పట్టినవి. పొడవు ఆరేసి అడుగులు. కోడి కోడికి జానెడు చోటు కావాలి. జాన అంటే తొమ్మిది అంగుళాలు. పదకొండు జానలంటే ఎనిమిదింపావు అడుగులు, ఇక్కడ పన్నెండున్నాయి. మిగతాది వృథా కాదు. కోళ్లలో పెద్దరికం ఉంటుంది. కింది వరసలో ఉన్న పెట్ట, తనను పొడిచేదాని పక్కన కూర్చోదు. దానికి తప్పుకునే చోటు కావాలి. రెండు కర్రలూ ఒకే ఎత్తున ఉన్నదీ అందుకే. ఒకటి ఎత్తుగా ఉంటే రోజూ దానికోసమే కొట్లాట.

కోడి నిద్రలో ఎందుకు పడదో తెలియాలంటే వంటింట్లో కోసిన కోడికాలు చూడండి. కాలును మడమ దగ్గర మడిస్తే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. కోసిన చోట కనిపించే తెల్లటి నరాన్ని లాగినా అంతే. కోడి కూర్చోగానే ఒంటి బరువుకు కాలు మడుస్తుంది, ఆ నరం బిగుస్తుంది, వేళ్లు కర్రను పట్టుకుంటాయి. మేలుకుని పట్టుకోవలసిన పని లేదు. గుండ్రంగా చిత్రిక పట్టిన అంచు ఆ పట్టు కోసమే.

గుడ్ల అరలు మూడు, గూటి గోడకు బయటివైపు తగిలించిన పెట్టెల్లాంటివి. ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు, ఎందుకంటే అన్నీ ఒకేసారి గుడ్డు పెట్టవు. అరలు కర్రలకంటే కిందికి ఉన్నాయి. కోడి నిద్రకు అందిన వాటిలో ఎత్తైన చోటే వెతుక్కుంటుంది కనుక అరల్లో పడుకుని రెట్టలు వేయదు, గుడ్డు శుభ్రంగా దొరుకుతుంది. పైమూత బయటికి తెరుచుకుంటుంది. చిన్నమ్మ వంగకుండా చెయ్యి పెట్టి గుడ్లు తీసుకుంటుంది.

దొడ్డి పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. కోళ్ల జాలీ అని దుకాణాల్లో అమ్మే ఆరు మూలల సన్నతీగ జాలీ కోడిని ఆపుతుంది గానీ కుక్కను ఆపదు. అందుకని కింది మూడడుగులూ అరంగుళం గళ్ల వెల్డ్ జాలీ బిగించారు. అది భూమిలోకి అడుగు దిగి, అక్కడ బయటివైపుకు వంగి ఉంటుంది. ముంగిస జాలీ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, కాసేపటికి వంగిన జాలీ దాని గోళ్లకు తగులుతుంది. ఒక మూల ఎర్రమట్టిలో కట్టెల పొయ్యి బూడిద కలిపిన గుంట. కోళ్లు అందులో పొర్లి ఈకల సందుల్లోకి మట్టి చల్లుకుని పేలను వదిలించుకుంటాయి.

పంజరంలో ఒక కోడికి మన దేశంలో మామూలుగా ఇస్తూ వచ్చింది 450 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితం కంటే తక్కువ. ఆ కాగితం మీద కోడి రెక్క విప్పలేదు, మట్టిలో పొర్లలేదు, నేల గీరలేదు. అలాంటి పంజరాలను ఐరోపా సమాఖ్య 2012 నుంచి నిషేధించింది. చిన్నమ్మ దొడ్డిలో పుంజు రెక్కలు రెండూ టపటప కొట్టినప్పుడు ఎన్ని అడుగులు కావాలో చూస్తే ఆ పదడుగుల లెక్క ఎక్కడిదో నాకు అర్థమైంది.

ఈమధ్య ఆమెకు ఇంకో నాలుగు పెట్టలు తెద్దామనుంది. ఇద్దరం గూటి ముందు కూర్చుని లెక్కవేశాం. కర్రల మీద పదహారింటికి చోటుంది. మూడు అరలు పదిహేనింటికి సరిపోతాయి. లోపల తలా ఒకటిన్నర అడుగులు దాటి వస్తుంది. చిన్నమ్మ చెప్పే రెండడుగులకు తక్కువే అయినా, నిద్ర వరకే కనుక సర్దుకోవచ్చు అనుకున్నాం. దొడ్డి దగ్గరే లెక్క ఆగింది. పదిహేనింటికి 150 చదరపు అడుగులు కావాలి, ఉన్నది 120.

"మూడడుగులు జరిపితే అయిపాయె" అంది చిన్నమ్మ. కడీలు అప్పటికే తెచ్చి ప్రహరీకి ఆనించి ఉన్నాయి.